పది మంది వచ్చేదాకా

మా ఊళ్ళో నాకు నోటి దురుసు ఎక్కువని పేరు. అది అబద్ధమేమీ కాదు. రెండుసార్లు సర్పంచిగా చేశాను. ఆ పదేళ్ళలో ఎవరైనా నాకు అడ్డు చెప్పబోతే మాట సగంలో ఉండగానే నోరు మూయించేదాన్ని. చాలాసార్లు ఒప్పు నాదే అయ్యేది కూడా. ఒక్క సత్తియ్య విషయంలో కాలేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు గంట సంగతి చెప్పాలి.

మా ముత్యాలరేవు వశిష్ఠ గోదావరి గట్టు కింద ఉంది. పూర్వం ఆ గట్టు కట్టడానికి మట్టి తవ్విన పల్లంలోనే తర్వాత సర్కారువారు ఇళ్ళ స్థలాలిచ్చారు. దాన్ని కాలనీ అంటాం. అరవై ఇళ్ళుంటాయి. గట్టుకి ఏమైనా అయితే ముందు మునిగేది కాలనీ, ఆ తర్వాత మా వీధులు. ఇది ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

గట్టు మీద కాలవ తలుపులుండే లాకుల దగ్గర రెండు రైలు పట్టాలు పాతి, మధ్యలో ఒక కంచు గంట వేలాడదీసి ఉండేది. కాలవల మీద స్టీమర్లు తిరిగిన రోజుల్లో ఏదో పాత స్టీమరు నుంచి ఊడదీసి తెచ్చారని మా మావగారు చెప్పేవారు. ఇద్దరు పడితే గానీ లేవదు. ఆ గంటకి పెళ్ళి లేదు, పండగ లేదు. పాకలు అంటుకుంటే కొట్టేవారు, పడవ తిరగబడితే కొట్టేవారు, గట్టు కారితే కొట్టేవారు. దేనికి ఎన్ని దెబ్బలనే లెక్కలేమీ లేవు. మోగిందంటే రావాలి, అంతే. పార ఉన్నవాళ్ళు పార, లేనివాళ్ళు ఖాళీ గోనెసంచి పట్టుకుని రావాలి. ఏం జరిగిందని వచ్చాక అడగాలి గానీ రాకముందు అడగకూడదు. కొట్టే మనిషికీ ఒక నియమం ఉండేది. పది మంది వచ్చేదాకా తాడు వదలకూడదు. ఆటకి ముట్టుకున్న పిల్లలకి వీపు చిట్లిపోయేది.

ఎనభై ఆరు వరదకి నేను కాపరానికొచ్చి నాలుగేళ్ళు. మధ్యాహ్నం మావగారికి పప్పు వడ్డిస్తుంటే గంట మోగింది. ఆయన లేచారు. చెయ్యి కడుక్కోలేదు. పప్పన్నం చేతితోనే దూలానికి తగిలించిన సంచుల కట్ట లాక్కుని వీధిలోకి వెళ్ళిపోయారు. మా మావగారు ఎలాంటి మనిషంటే, పంచె మీద చిన్న మరక పడినా స్నానం చేసి మార్చుకునేవారు. ఆయన మర్నాడు పొద్దున్న నడుం దాకా బురదతో, కాలనీవాళ్ళ మధ్యలో నడుచుకుంటూ వచ్చారు. ఆ ఏడు మా గట్టు నిలిచింది. ఎవరు కొట్టారని అడిగితే, “లస్కరు సత్తియ్య” అన్నారు. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

లస్కరంటే లాకులూ గట్టూ కాసే సర్కారు మనిషి. సత్తియ్య ఆ పని ముప్పై ఏళ్ళకి పైగా చేసి రిటైరయ్యాడు. అతని తర్వాత ఆ పనికి ఎవరూ రాలేదు. అయినా రోజూ ఉదయం, సాయంత్రం కర్ర పట్టుకుని గట్టు మీద నడుస్తూనే ఉన్నాడు. జీతం లేకుండా ఎందుకయ్యా అంటే, కాళ్ళు ఊరుకోవండి అనేవాడు.

తొమ్మిదేళ్ళ కిందట నేను సర్పంచిగా ఉన్నప్పుడు గట్టు పక్కన ఆంజనేయస్వామి గుడి కట్టాం. అంతా అయ్యాక గంట తక్కువైంది. కొత్తది కొనడమెందుకు, లాకుల దగ్గర ఇంత మంచి కంచు గంట తుప్పు పట్టిన పట్టాల మధ్య ఊరికే వేలాడుతోంది కదా అని నాకే తట్టింది. పంచాయితీ మీటింగులో చెబితే అందరూ బాగుందన్నారు. వెనక నిలబడిన సత్తియ్య ఒక్కడే చెయ్యెత్తాడు.

“అమ్మగారండీ, దాన్ని గుడికి ఇవ్వకండి.”

“ఏం? ఊరికే పడుంది కదా?”

“ఊరికే ఉండాలండి అది. రోజూ మోగితే మన చెవులు దాన్ని వదిలేస్తాయండి.”

“దేవుడి దగ్గర మోగితే చెడిపోతుందా సత్తియ్యా? మైకుంది, ఇంటికి నాలుగు ఫోన్లున్నాయి, వాట్సాప్ గ్రూపుంది. ఇంకా నీ గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటామా?”

అందరూ నవ్వారు. అతను కూడా కొంచెం నవ్వి కూర్చున్నాడు. గుడి మండపంలో గంట కింద పాలరాయి మీద నా పేరు చెక్కించారు. శ్రీమతి సూర్యకాంతమ్మ, సర్పంచి. హారతికి రోజూ సాయంత్రం ఆరింటికి అది మోగుతుంటే, వంటింట్లో ఉన్నా సరే చేతులు జోడించేదాన్ని. ఊరంతా అంతే. వీధిలో మాట్లాడుకునేవాళ్ళు మాట ఆపి దండం పెట్టుకుని మళ్ళీ మాట్లాడుకునేవాళ్ళు. తొమ్మిదేళ్ళలో అది మా ఒంటికి పట్టేసింది.

మొన్నటి జూలై వరదకి ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మాకు మూడు రోజులుగా కరెంటు లేదు. సెల్ టవరు మొదటి రోజు రాత్రికే ఆగిపోయింది. మైకు మూగదైంది, గ్రూపు మూగదైంది. గోదావరి గట్టు అంచుకి రెండడుగుల కిందే సుడులు తిరుగుతోంది. మా అబ్బాయి వెంకటేష్ రొయ్యల చెరువుల దగ్గర కూలీలతో ఉన్నాడు. కాలనీ మగవాళ్ళు చాలామంది నది మధ్య లంకల్లో చిక్కుకున్న పశువుల్ని దాటించడానికి పడవల మీద వెళ్ళారు.

ఆ సాయంత్రం నేను దేవుడి గదిలో దీపం ముందు కూర్చున్నాను. తల్లీ, నెమ్మదించు తల్లీ అని గోదారమ్మనే బతిమాలుకుంటున్నాను. గంట మోగింది. కళ్ళు మూసుకునే చేతులు జోడించాను. పక్కగదిలో ఉన్న కోడలితో, “కీర్తీ, దండం పెట్టుకోమ్మా” అన్నాను. ఇంత వరదలోనూ స్వామికి హారతి ఆగలేదు, ఇంక మనకి భయం లేదు అనుకున్నాను కూడా. నిజంగా ధైర్యం వచ్చింది నాకు. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

గంట మోగుతూనే ఉంది. లలితా సహస్రం మొదలుపెట్టాను. సగం అయింది. ఇంకా మోగుతోంది. వరద కదా, ప్రత్యేక పూజ చేస్తున్నారు కాబోలు అనుకుని చదవడం కొనసాగించాను. అప్పుడు కీర్తిప్రియ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రాజమండ్రి పిల్ల. మా ఇంటికొచ్చి రెండేళ్ళయింది. ఆ గంట పాత కథ ఆమెకి ఎవరం చెప్పలేదు.

“అత్తయ్యగారూ, పంతులుగారు అన్నవరం వెళ్ళి రోడ్డు మునిగి అక్కడే ఉండిపోయారన్నారు కదండీ. మరి గంట ఎవరు కొడుతున్నారండీ?”

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. పంతులుగార్ని అన్నవరం పంపించింది నేనే. వాళ్ళ చెల్లెలింట్లో వ్రతం, వెళ్ళిరండి అని చెప్పింది నేను. గుళ్ళో ఎవరూ లేరని ఊరందరికంటే బాగా తెలిసినదాన్ని, అరగంట నుంచి దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

“స్కూటీ తియ్యి. చెరువుల దగ్గరకెళ్ళి మీ ఆయన్ని ట్రాక్టరు తీసుకురమ్మను. ఖాళీ మేత సంచులు ఎన్నుంటే అన్నీ వెయ్యమను. ఎందుకని అడిగితే చెప్పుతో కొట్టు.”

అరవై ఒక్క ఏళ్ళు నాకు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. వానలో పరిగెత్తానంటే ఇప్పటికీ నాకే నమ్మకం కలగదు. దారిలో గుడి కమిటీ ప్రెసిడెంటు లోకనాథ్ తన అరుగు మీద నిలబడి ఉన్నాడు. గుడి వైపు తిరిగి కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు. పక్కన వాళ్ళావిడ కూడా. నన్ను చూసి, “గుడికా పిన్నిగారూ? తడిసిపోతారండీ, గొడుగివ్వనా?” అన్నాడు ఎంతో మర్యాదగా.

“గట్టు కారుతోందిరా! పార తీసుకురా!” అని అరిచాను. చేతులు జోడించినవాడు జోడించినట్టే ఉండిపోయాడు.

మండపంలో సత్తియ్య తాడు పట్టుకుని ఊగిపోతున్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. అరచేతులు ఒలిచిపోయి తాడు ఎర్రగా తయారైంది. నన్ను చూశాడు. కోపం లేదు, ఏడుపు లేదు. “ఒకరండి” అన్నాడు. లెక్కపెట్టుకుంటున్నాడు.

నేను తాడందుకున్నాను. సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. గట్టు అడుగున పొద్దున్నించీ ఊట వస్తోంది, తేటగా వస్తున్నంతసేపూ పర్వాలేదు. ఐదు దాటాక నీళ్ళు బురదగా మారాయి. అంటే లోపల మట్టి కరిగి బయటికొచ్చేస్తోంది. అతని కోడలు రామలక్ష్మి, కాలనీ ఆడవాళ్ళు ఇరవైమంది చేతులతో మట్టి పోస్తున్నారు. బస్తాలు చాలవు, మనుషులు చాలరు. అంతవరకూ చెప్పి కర్ర పట్టుకుని గట్టు దిగిపోయాడు.

గంట కొట్టడం సులువనుకుంటారు. నాకు మాత్రం అంతకంటే నరకం ఇంకోటి లేదనిపించింది. మండపంలోంచి మా వీధి మొత్తం కనిపిస్తోంది. కిటికీల్లో మనుషులు కనిపిస్తున్నారు. గంట కొడుతున్నది నేనని చూసి ఇంకొంచెం భక్తిగా దండం పెడుతున్నారు. రండర్రా అని అరిస్తే గంట మోతలో నా గొంతు నాకే వినపడటం లేదు. అరవడానికి గంట ఆపితే హారతి అయిపోయిందనుకుని లోపలికి వెళ్ళిపోతారు. నోరే నా ఆస్తి అనుకుని బతికినదాన్ని. ఆ రోజు ఆ నోరు దేనికీ పనికిరాలేదు. కొట్టడం తప్ప ఇంకేం చెయ్యలేకపోయాను. చేతులు పడిపోతున్నా కొట్టాను.

ముందు లోకనాథ్ వచ్చాడు, పారతో. అతన్ని ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదమని పంపించాను. తర్వాత కిరాణా కొట్టు చంద్రరావు వచ్చాడు. “ఏంటండీ ఈ గోల, హారతి ఇంతసేపా?” అని కసురుకుంటూ వచ్చాడు. నా మొహం చూసి నోరు మూసుకుని వెనక్కి పరిగెత్తాడు, సంచుల కోసం. తర్వాత ఇద్దరు, నలుగురు. పదో మనిషి ఎవరో నేను చూడలేదు. ఎవరో నా వేళ్ళు తాడు మీంచి ఒక్కొక్కటే విడదీశారు.

మిగతాది పనే. ఊట చుట్టూ బస్తాలు గుండ్రంగా, బావి ఒరలాగా పేర్చుకుంటూ పోయాం. ఆ ఒరలో నీళ్ళెక్కిన కొద్దీ కింద నుంచి వచ్చే జోరు తగ్గుతుంది. ఆ కిటుకు సత్తియ్యకి తప్ప మాలో ఎవరికీ తెలీదు. ఒక చివర కూర్చుని, ఎక్కడ ఏ బస్తా వెయ్యాలో కర్రతో చూపించాడు. వెంకటేష్ రెండు ట్రాక్టర్ల ఇసక, మూడొందల మేత సంచులు తెచ్చాడు. బాగా రాత్రయ్యేసరికి బురద నీళ్ళు తేటపడ్డాయి. అప్పటికే కాలనీలో పల్లపు ఇళ్ళలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చేశాయి. మూడు గోడలు కూలాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

వరద తీసిన పది రోజులకి మీటింగు పెట్టించాను. గంట గట్టు మీదకి తిరిగి వెళ్ళాలన్నాను. కమిటీవాళ్ళు గొడవ చేశారు. దేవుడి గంట ఊడదీస్తే ఊరికి అరిష్టమన్నారు. కావాలంటే సైరన్ కొందామన్నారు. నేను లేచి, “ఆ రోజు గంట మోగిన మొదటి దెబ్బ నుంచీ నాకు వినపడింది. పంతులుగారు ఊళ్ళో లేరని తెలిసి కూడా దండం పెట్టుకుంటూ కూర్చున్నాను. ఇంతకంటే అరిష్టం ఏముంటుంది?” అన్నాను. లోకనాథ్, “నేనూ అంతేనండి” అన్నాడు తల దించుకుని. చంద్రరావు చెయ్యెత్తాడు. అలా చాలా చేతులు లేచాయి.

మర్నాడే గంట దింపించి పాత పట్టాల మధ్య కట్టించాం. స్వామికి కొత్త గంట నేనే కొనిస్తానని మొక్కుకున్నాను. అంతా సరిచేశానని నాకు లోపల గర్వంగానే ఉంది. ఒక్కటే అర్థం కాలేదు. మీటింగుకి కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. గంట కట్టేటప్పుడూ రాలేదు. ఎవరి కోసం కట్టామో వాళ్ళే లేరు.

నాలుగు రోజులు చూసి కాలనీకి వెళ్ళాను. రామలక్ష్మి కూలిన గోడ మట్టి తడిపి మళ్ళీ పెడుతోంది.

“ఏంటమ్మా రామలక్ష్మీ, గంట కడుతుంటే ఒక్కళ్ళూ రాలేదేం?”

మట్టి చేతులు అలాగే పెట్టుకుని నా వైపు చూసింది. “మీరు రాలేదు కదండి, ఆ రోజు.”

“అదేంటి? గంట దగ్గరికి ముందు పరిగెత్తింది నేనే కదా?”

“అంతకు ముందు అరగంట పైనే మోగిందండి. మేం గట్టు మీంచి చూస్తూనే ఉన్నామండి. బస్తా ఎత్తినప్పుడల్లా మీ వీధి వంక చూసేవాళ్ళం. అందరూ అరుగుల మీదికి వచ్చారండి. మా వైపే చూసి దండం పెట్టి లోపలికెళ్ళిపోయారండి.” చేతిలో మట్టిని గోడకేసి అదిమింది. “ఇక దేవుడే దిక్కని మమ్మల్ని వదిలేశారనుకున్నామండి. కాలనీ పోతే పోయింది, నీళ్ళు ఇక్కడ పరుచుకుంటే వీధుల్లో తగ్గుతుందనుకున్నారేమోనని. ట్రాక్టరొచ్చేదాకా అలాగే అనుకున్నాం. ఇప్పుడు మీ వీధివాళ్ళు హారతనుకున్నామంటే, మావాళ్ళు నమ్మట్లేదండి.”

నా బుర్రలో ఇన్నాళ్ళూ తిరిగిందంతా నా తప్పు, నా పాలరాయి, నా పరువు. నడుం లోతు బురదలో నిలబడి మేం చేతులు జోడించడం చూసిన వాళ్ళకి అది ఎలా కనిపించిందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సత్తియ్య లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకీ కట్లు. లేవబోతే వద్దన్నాను. ఎదురుగా తడి నేల మీదే కూలబడ్డాను. అయ్యో అమ్మగారూ, కుర్చీ అంటున్నా వినలేదు. మీటింగులో చెప్పిన ముక్కే మళ్ళీ చెప్పాను. ఈసారి అంత దర్జాగా రాలేదు. “నువ్వు కొట్టిన మొదటి దెబ్బే విన్నాను సత్తియ్యా. వదిలెయ్యాలని కాదు. మా అమ్మమీద ఒట్టు. బుద్ధి లేక. తొమ్మిదేళ్ళుగా అలా అలవాటై, చేతులు వాటంతట అవే లేచాయి. నువ్వు చెప్పావు, నేను నవ్వాను. నీకు కూడా అలాగే అనిపించిందా, రామలక్ష్మికి అనిపించినట్టు?”

చేతి కట్ల వంక చూసుకున్నాడు.

“అనిపించిందండి. కొడుతూ కొడుతూ ఒక్కో ఇంటివాళ్ళ పేరూ తల్చుకున్నానండి. వీళ్ళొస్తారు, వీళ్ళొస్తారు అని. మీ ఇంటితోనే మొదలెట్టాను, మీ మావగారు పెద్దరాజుగారున్న ఇల్లు కదా అని. ఊరి పేర్లన్నీ అయిపోయాయండి, ఎవరూ రాలేదు. అప్పుడు తాడు వదిలేద్దామనుకున్నానండి. ఇంకెవరి కోసం కొట్టాలి అనిపించింది.”

“మరెందుకు వదల్లేదు?”

“మళ్ళీ మీ ఇంటి నుంచి మొదలెట్టానండి.”

నాకు ఏడుపు ఆగలేదు. గుమ్మంలో రామలక్ష్మి, ఆమె వెనక నలుగురైదుగురు కాలనీవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పైటకొంగుతో మొహం తుడుచుకుని అడిగాను. “ఇప్పుడు చెప్పింది నమ్మావా సత్తియ్యా? నమ్మకపోతే నమ్మలేదనే చెప్పు.”

అతను గుమ్మంలో ఉన్న తనవాళ్ళ వైపు ఒకసారి చూశాడు.

“నమ్మాలండి అమ్మగారూ. వచ్చే వరదకి మీ వైపు గట్టు కారితే, మీరు కొడతారు. మావాళ్ళు రావాలి కదండి.”